కొలిస్తే ఒకటి, తూస్తే ఒకటి

లేడీస్ హాస్టల్,
కిటికీ పక్క మంచం

అక్కకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తోందా అనుకుంటావు. ఇక్కడ గదిలో సిగ్నలు ఉండదు. మాట్లాడాలంటే మెట్ల దగ్గరికి వెళ్ళాలి. మెట్ల దగ్గర వార్డెన్ కుర్చీ ఉంటుంది. అదొక్కటే కారణం కాదు. ఈ సంగతి నేను నోటితో చెప్పలేను. చేత్తో రాయగలనేమో చూస్తున్నాను. రెండు కాగితాలు ఇప్పటికే చింపేశాను.

నువ్వు చేయించుకున్నావే, ఆ ఆపరేషన్. నేనూ చేయించుకోవాలనుకుంటున్నాను.

అమ్మకి తెలీదు. పెద్దమ్మకి నువ్వు చెప్పకు. డబ్బు సంగతి అడగకు, అది నేను చూసుకున్నాను. ఎవరైనా అబ్బాయి ఉన్నాడా అని కూడా అడగకు.

పోయిన వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మంచావిడే. చిన్న బల్ల మీద మెత్తటి ముద్దలు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పెట్టి, ఒక్కోటి చేతికిచ్చారు. ఒక్కోదాని మీద ఒక అంకె ఉంది. చల్లగా ఉన్నాయి. "ఎంతలో అనుకుంటున్నావమ్మా?" అని అడిగారు, బట్టల కొట్లో అడిగినట్టు. నేను అన్నీ తిప్పి చూసి, మళ్ళీ వరసలో పెట్టేశాను. "సరే, ముందు కొలుద్దాం, చొక్కా తియ్యి" అనగానే మళ్ళీ వస్తానని లేచి వచ్చేశాను. గొడుగు అక్కడే వదిలేశాను.

ఛాతీ కొలతలు ఇవ్వకుండా, ఇంట్లో కూర్చునే అంకె తేల్చుకునే మార్గం ఏమైనా ఉందా? నీకు ఎంత పెట్టారు? అది నువ్వెలా ఎంచుకున్నావు? తక్కువ చెప్తే ఇంత చేసీ ఏమీ చేయనట్టుంటుంది. ఎక్కువ చెప్తే ప్రెస్సులో అందరికీ తెలిసిపోతుంది. ప్రూఫులో తప్పు పోతే రెండో ప్రూఫులో దిద్దుకోవచ్చు. దీనికి రెండో ప్రూఫు ఉండదు కదా.

త్వరగా రాయి.

నీ
అట్ట

*

పార్లర్,
గల్లా పెట్టె దగ్గర

ఏమే అట్టా,

నీ ఉత్తరం చదివి ఇక్కడే నవ్వేశాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ తన జుట్టు చూసి నవ్వాననుకుని లేచి వెళ్ళిపోయింది. ఒక గిరాకీ నీవల్ల పోయింది, గుర్తుపెట్టుకో.

ముందు ఇది చెప్పు. ఛాతీ ఏమిటే? ఛాతీ అంటే పోలీసు సెలక్షన్లో ఊపిరి బిగబట్టి కొలిపించుకునేది. ఆడదానికి ఉండేదాన్ని ఏమంటారో, పొద్దస్తమానం అక్షరాలు దిద్దేదానివి, నీకు తెలీదా? మీ కాన్వెంటు సిస్టర్లు డిక్షనరీలోంచి ఆ పేజీ చింపేశారా? పేరు కూడా రాయలేనిదానివి, అవి పెట్టించుకుని ఏం చేస్తావు?

అయినా నాకు సంతోషంగా ఉంది. డిగ్రీలో మీ క్లాసు పిల్లలు నీకు "అట్ట" అని పేరు పెడితే, ముందట్టా వెనకట్టా ఒకటేనని వాళ్ళు నవ్వితే, నువ్వూ నవ్వుతూ వచ్చి నాకు చెప్పావు. ఆ నవ్వు నాకప్పుడే నచ్చలేదు. అయినా అదే పేరుతో పిలుస్తున్నాననుకో. అలవాటైపోయింది, ఏం చెయ్యను.

ఇక విను. నాది నాలుగొందలు. డాక్టరు తగ్గించుకోమన్నాడు, నేను ఒప్పుకోలేదు. వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న ఆవిడ ఒక మాట చెప్పింది: "తక్కువ పెట్టించుకున్నవాళ్ళే తర్వాత ఏడుస్తారు. ఎక్కువైందని ఏడ్చినవాళ్ళు లేరు." నీకూ అదే చెప్తున్నా.

ఇంట్లోనే తేల్చుకోవాలంటే బియ్యం పరీక్ష ఉంది. ఒక జత మేజోళ్ళు తీసుకో. ఒక్కో దాంట్లో మూడొందలు బియ్యం పోసి ముడెయ్యి. లోపల సర్దుకుని, ఒంటికి సరిపోయే చొక్కా వేసుకుని తిరుగు. నీ గోనెసంచి చొక్కాలు కాదు. చాలకపోతే పెంచుకుంటూ పో. తగ్గించకు.

నా కబుర్లు ఏమున్నాయి. కత్తెర పని కొత్తమ్మాయికి అప్పజెప్పాను. నేను గల్లా దగ్గర మహారాణిలా కూర్చుంటున్నాను. మీ బావ బాగానే ఉన్నాడు. నువ్వు వస్తే చూస్తానంటాడు, రానంటే సరేనంటాడు. మనిషి అంతే.

ఇంతకీ ఎవడే?

అక్క

*

ప్రెస్సు,
భోజనాల వేళ

అక్కకి,

నిన్న మూడొందలు పోశాను. అందరూ టీకి వెళ్ళినప్పుడు పార్సిళ్ళు తూచే కాటా మీద పెట్టి, గ్రాము తేడా లేకుండా తూచాను. ఒక్కోవైపు మూడొందల గ్రాములు. స్నానాల గదిలో సర్దుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

ముందు ఎవరూ చూడలేదు. తర్వాత కూడా చూడలేదు. అది నేననుకోలేదు. ఇంత మారితే ఒక్కరైనా తలెత్తుతారనుకున్నాను. మా ఫోర్‌మన్ మాత్రం "ఏమ్మా, ఇవాళ నిటారుగా కూర్చున్నావు, నడుం నొప్పా?" అన్నాడు.

మూడో తరగతి లెక్కల పుస్తకం ప్రూఫు చేతిలో ఉంది. తల వంచితే పేజీ కింది వరసలు కనబడవు, మధ్యలో నేనే అడ్డం. కాగితాన్ని దూరంగా జరిపితే కళ్ళు అందవు. మెడ పట్టేసింది. ఇంత బరువు నిజంగా మోస్తారా? నువ్వు ఇంకో వంద ఎక్కువ మోస్తూ రోజంతా నిలబడి కత్తెర ఎలా ఆడించావు?

తర్వాత కుడివైపు మేజోడుకి చిల్లి పడింది. నాకు తెలీలేదు. నా బల్ల నుంచి గోడౌన్ దాకా, అక్కడి నుంచి మళ్ళీ బల్ల దాకా గింజల వరస. ఫోర్‌మన్ వంగి ఒక గింజ తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు. "ఎలకలు," అన్నాడు. "గోడౌన్లో కాగితం అయిపోయినట్టే." బైండింగు చేసే ఆయన, "ఎలకలు బియ్యం తింటాయిగానీ ఇలా వరసగా పోస్తాయా?" అన్నాడు. "చదువుకున్న ఎలకలయ్యా, ప్రెస్సులో పెరిగాయి" అని ఈయన జవాబు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కుడిచెయ్యి అడ్డం పెట్టుకుని.

ఇప్పుడు నా కుర్చీ కింద ఎలకల బోను ఉంది. దాంట్లో రొట్టె ముక్క.

నావల్ల కాదు. నూటయాభై చాలు.

మడిచాక మళ్ళీ విప్పి రాస్తున్నాను. నూటయాభైకి ఇంత ఎందుకు. రెండొందలు.

హాస్టల్‌కి వెళ్తూ నిన్న సాయంత్రం బట్టల కొట్టు అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాను. ఎడమవైపుది ఇంకా ఉంది. బాగుంది అక్కా. చాలాసేపు నిలబడ్డాను. లోపలి నుంచి అమ్మాయి "రండి మేడమ్" అంది. వెళ్ళిపోయాను. మూడొందలేనేమో.

ఏదీ ఖాయం చేసుకోలేకపోతున్నాను.

అట్ట

*

పార్లర్

ఒసే పిచ్చిదానా,

తూచావా? కాటా మీద పెట్టి తూచావా? బియ్యం కొనడానికి వెళ్ళావా, రొమ్ములు కొనడానికి వెళ్ళావా? అది సీసీ. తూచేది కాదు, కొలిచేది. మందు సీసా మీద గీతలుంటాయి చూడు, అలా. నీ చదువు తగలెయ్య. కొత్తమ్మాయికి చెప్తే అది కూడా నవ్వింది. నీ పేరు చెప్పలేదులే, ఎవరో స్నేహితురాలన్నాను.

బోను సంగతి మీ బావకి చెప్పాను. నవ్వలేదు. "రొట్టె కన్నా వేయించిన పల్లీలు మంచివి, ఎలక త్వరగా పడుతుంది" అన్నాడు. ఆయనతో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను నేను.

జుట్టుకి రంగు కలిపే గీతల గ్లాసు ఒకటి దీంతో పంపుతున్నాను. నేను నా నాలుగొందలూ కొలిచింది దీంతోనే. పై అరలో ఉంటే అమ్మాయి తీసిచ్చింది. దీంతో సరిగ్గా మూడొందల గీత దాకా పోసి చూడు. హాయిగా, తేలిగ్గా ఉంటుంది. నాకు అలాగే ఉండింది. బరువు బరువు అని గోల పెట్టావు, బరువెందుకు ఉండదు, అంత పోస్తే. ముందుది లెక్కలోకి రాదు. కొట్టెయ్.

నూటయాభైట. నూటయాభైకి డాక్టరెందుకే, రెండు రుమాళ్ళు చాలు.

మళ్ళీ అడుగుతున్నా. ఎవడు? ప్రెస్సులో వాడా? ఆ ఎలకలాయన కాదు కదా?

అక్క

*

లేడీస్ హాస్టల్,
గడియ పెట్టిన గది

అక్కకి,

గ్లాసు అందింది. అడుగున నల్లరంగు మరక ఇంకా ఉంది.

నువ్వు చెప్పినట్టే మూడొందల గీత దాకా పోశాను. నిజమే, చిన్నగా ఉంది, తేలిగ్గా ఉంది. కానీ మనసు ఆగక, పొద్దున అందరికన్నా ముందు ప్రెస్సుకి వెళ్ళి దాన్ని కాటా మీద పెట్టాను. రెండొందల నలభై చూపించింది. కాటా చెడిందేమోనని, బరువు తెలిసిన డిక్షనరీ పెట్టి చూశాను. కాటా బాగానే ఉంది.

అప్పటినుంచి కుదురు లేదు. మూడొందల సీసీది ఒంట్లో ఉంటే బరువు మూడొందలుంటుందా, రెండొందల నలభై ఉంటుందా? ప్రూఫులో ఒకే పేరు రెండుచోట్ల రెండు రకాలుగా కనిపిస్తే ఏది సరైనదో తేలేదాకా నేను ముందుకి కదలలేను. నీకు తెలుసు కదా నా జబ్బు.

అందుకే మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళాను. నర్సు చూసి "గొడుగు కోసమా?" అంది. "కాదు, కొలిపించుకోడానికి" అన్నాను. గట్టిగా అన్నట్టున్నాను, హాల్లో వాళ్ళందరూ తలెత్తారు.

చొక్కా తీశాను. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను. జామెట్రీ బాక్సులో డివైడరు ఉండేది చూడు, అలాంటిదే పెద్దది పెట్టి ఒక్కోవైపు అడ్డంగా కొలిచారు. చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి చూశారు. "నీది సన్నటి ఎముక. రెండొందల నలభై దాటితే పక్కకి చంకలోకి వస్తుంది, చర్మం మోయలేదు. దాని లోపల ఎంతయినా నీ ఇష్టం" అన్నారు. ఇన్నాళ్ళూ ఇది తెలుసుకోకుండా గొడుగు వదిలేసి పారిపోయాను.

బియ్యం సంగతి అడిగాను. ఆవిడ నవ్వారు గానీ వెటకారంగా కాదు. లోపల ఉండే జెల్ దాదాపు నీళ్ళంత బరువుట. మూడొందల సీసీ అంటే మూడొందల గ్రాములకి అటూ ఇటూ. బియ్యంలో గింజకీ గింజకీ మధ్య గాలి ఉంటుంది.

అంటే తూస్తే బరువు నిజం, ఆకారం అబద్ధం. కొలిస్తే ఆకారం నిజం, బరువు అబద్ధం. నేను తప్పు చేసి బరువు తెలుసుకున్నాను.

నువ్వు కొలిచావు.

నాలుగొందలు కొలిచి నువ్వు మోసింది మూడొందల ఇరవై. అక్కా, నీకు బాగానే ఉందా? కత్తెర పని కొత్తమ్మాయికి ఎందుకిచ్చావు? నువ్వు ఎవరి చేతికీ కత్తెర ఇచ్చే మనిషివి కాదు. పై అరలో గ్లాసు ఆ అమ్మాయి ఎందుకు తీసింది? ఆ అమ్మాయి నీకన్నా పొడుగా? నీ ఉత్తరంలో వరసలు చివరికొచ్చేసరికి కిందికి జారుతున్నాయి. మొదటి దాంట్లో కూడా జారాయి. వెనక్కి తీసి చూశాను.

అబ్బాయి లేడు. రెండుసార్లు అడిగావు కాబట్టి చెప్తున్నాను. డిగ్రీ చివరి ఏడు నాటకంలో నాకు సైనికుడి వేషం ఇచ్చారు. మీసం అంటించారు. మిగతా మగవేషాలు వేసిన పిల్లల్ని చూసి జనం పడీపడీ నవ్వారు. నన్ను చూసి ఒక్కరూ నవ్వలేదు. అతికినట్టు సరిపోయాను. ఇప్పటికీ చొక్కా కొంటే ముందువైపు కుట్టిన మడతల్లో గాలి నిలుస్తుంది. నేను ఆ గాలిని ఇస్త్రీ చేస్తాను. అక్కడ ఏదైనా ఉండాలని నాకుంది. చూసేవాళ్ళ కోసం కాదు. చొక్కా వేసుకునేటప్పుడు నాకోసం. ఇంతకన్నా పెద్ద కారణం లేదు. ఇది సరిపోదంటే చెప్పు.

జవాబు రాయి. నీ ఒంటి సంగతి ముందు రాయి.

అట్ట

*

లేడీస్ హాస్టల్

అక్కకి,

రాయలేదు. పార్లర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎత్తింది. "అక్క డాక్టర్ దగ్గరికి వెళ్ళింది" అంది. వెంటనే "కాదు, బ్యాంకుకి" అంది. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం నేర్పు.

డాక్టరమ్మ తేదీ ఇచ్చారు. ఈలోపు అంకె చెప్పాలి. నిన్న రెండొందల నలభై అనుకున్నాను. ఇవాళ పొద్దున నూటఎనభై. బస్సులో రెండొందల ముప్ఫై. ప్రూఫులో వరసగా రెండు తప్పులు వదిలేశాను. "ఎనిమిదిలోంచి మూడు పోతే ఆరు" అని అచ్చయిపోయేది, ఫోర్‌మన్ పట్టుకున్నాడు.

కోపంగా ఉన్నావా? ఒక్క ముక్క అయినా రాయి.

అట్ట

*

ఇంటి దగ్గర,
పడక్కుర్చీలో

అట్టా,

నువ్వు ప్రూఫులు మానేసి పోలీసుల్లో చేరు. ఛాతీ కూడా కొలుస్తారు.

రాయకూడదనే అనుకున్నాను. నీకు ఏం చెప్పినా వరసలు జారాయో లేదో చూస్తావు. జారుతున్నాయి. చూసుకో.

చేతులు ఎత్తి కత్తెర పడితే కాసేపటికి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ కింద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంటుంది. వెల్లకిలా పడుకోలేను, పక్కకి పడుకోలేను. అందుకే ఈ కుర్చీ. మీ బావతో తలగడ మంచిది కాదన్నాను. ఆయన కొత్త తలగడలు కొంటూనే ఉన్నాడు. ఇల్లంతా తలగడలే. మొన్న ఒక గిరాకీ జుట్టు కత్తిరిస్తుంటే కత్తెర జారి చెవి పక్కన పడింది. చర్మం తెగలేదు. ఆరోజే అమ్మాయికి ఇచ్చేశాను కత్తెర.

నాలుగొందలు కొలిచి మూడొందల ఇరవయ్యే మోశానన్నావు. బియ్యం పెట్టుకుని నేను అద్దం ముందు నిలబడ్డాను. అటు తిరిగాను, ఇటు తిరిగాను. మీ బావని పిలిచి చూపించాను. అంతే. కత్తెర పట్టుకోలేదు. ఒక్క తలైనా కత్తిరించి చూడలేదు. నా పని ఏమిటో నేనే మర్చిపోయి కొలుచుకున్నాను.

డాక్టరు తీయించుకోమంటున్నాడు. అందరికీ ఇలా కాదట. నా ఒంటికీ, నేను చేసే పనికీ ఎక్కువయిందట. తీసేశాక సాగిన చర్మం కుట్టి సరిచేస్తే ఇదివరకు ఉన్నది కూడా ఉండదు. బల్లపరుపుగా మిగులుతాను.

నవ్వకపోతే ఒకటి చెప్తాను. నాకు ఇవి ఇష్టమే. పెట్టించుకున్న కొత్తలో వీధిలో నడుస్తుంటే నాకన్నా ముందు నా ధీమా నడిచేది. అది నిజంగా బాగుండేది. పోతుందంటే ఏడుపొస్తోంది. చెయ్యి పడిపోతున్నా ఏడుపు దీనికే వస్తోంది చూడు. నువ్వూ పెద్దవి పెట్టించుకుంటే నాకు తోడుంటావనిపించింది. నాది తప్పు లెక్క కాదని తేలేది.

అందుకని విను. మానెయ్. ఏమీ పెట్టించుకోకు. అట్టలాగే ఉండు. అట్టకేం తక్కువే, గట్టిగా ఉంటుంది. తేదీ వెనక్కిచ్చెయ్. అక్క మాట విను ఈ ఒక్కసారి.

అక్క

*

ప్రెస్సు,
గోడౌన్‌లో కాగితపు బేళ్ళ మీద కూర్చుని

అక్కకి,

మొదట ఎక్కువ పెట్టించుకో అన్నావు. ఇప్పుడు అసలే వద్దంటున్నావు. రెండుసార్లూ నువ్వు నీ రొమ్ముల గురించే చెప్పావు. నా రొమ్ముల గురించి నన్ను చెప్పనియ్యి.

రాశాను చూడు ఆ మాట. సరిగ్గానే రాశాను.

కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. నువ్వు ముందు తీయించుకో. కత్తెర జారడం నాకు భయంగా ఉంది. బల్లపరుపుగా ఉండటం ఎలాగో నన్నడుగు, అందులో నాకు ఇరవై ఏడేళ్ళ అనుభవం.

నా సంగతి. ఒకరోజు చొక్కా మడతల్లో చెయ్యి పెట్టుకుని ఆలోచించాను. నువ్వు వద్దన్నాక వద్దనే అనుకుని చూశాను, నిజంగానే. తేదీ వెనక్కివ్వడానికి ఫోన్ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళాను. వార్డెన్ కుర్చీలో లేదు, ఎవరూ లేరు, హాయిగా మాట్లాడొచ్చు. నంబరు నొక్కలేదు. అప్పుడు తెలిసింది నాకింకా కావాలని. ఎంత కావాలన్నదే మిగిలింది.

ఈ గోడౌన్‌లో పాతకాలపు సీసపు అక్షరాలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఇప్పుడెవరూ వాడరు, పారెయ్యడానికి ఫోర్‌మన్‌కి మనసు రాదు. నీ గ్లాసుతో రెండొందల పది దాకా బియ్యం కొలిచాను. కాటా మీద పెడితే తక్కువ చూపించింది కదా, ఆ తక్కువకి సరిపడా సీసపు అక్షరాలు గింజల మధ్య దూర్చాను. సీసం చోటు తినదు, బరువే ఇస్తుంది. ఇప్పుడు కొలిచినా రెండొందల పదే, తూచినా రెండొందల పదే. ఏ అక్షరాలు వేశానో చూడకుండా వేశాను. తర్వాత చూశాను. నీకు చెప్పను.

చిల్లి లేని మేజోళ్ళు. వాటితో పనికి వచ్చాను. అద్దం ముందు నిలబడలేదు. లెక్కల పుస్తకం అయిపోయింది, ఇప్పుడు పదో తరగతి సైన్సు. పేజీ కింది వరసలు కనబడుతున్నాయి. మధ్యాహ్నం గుండె పాఠం దిద్దుతూ, కవాటాల బొమ్మలో పేర్లు తారుమారయ్యాయని పట్టుకుని, మళ్ళీ మొదటినుంచి సరిచూసి, టీ తాగి, మెట్లు ఎక్కి దిగి, సాయంత్రం సంచి భుజాన వేసుకుంటుంటే పట్టీ తగిలి గుర్తొచ్చింది, నేను ఏదో మోస్తున్నానని. అంతదాకా మర్చిపోయాను.

మిగతా అంకెలతో కూడా ఒక్కోరోజు ఉండి చూశాను. రెండొందల నలభైతో గంటగంటకీ గుర్తొచ్చింది. నూటఎనభైతో అస్తమానం చొక్కా సర్దుకుంటూనే ఉన్నాను, ఉన్నాయో లేవోనని. రెండొందల పదిని మర్చిపోయాను. పేజీకి చుట్టూ మార్జిన్ వదులుతాం చూడు. అచ్చు అంచుదాకా పోతే చదివేవాడికి బొటనవేలు పెట్టుకునే చోటుండదు. డాక్టరమ్మ చెప్పిన హద్దుకి ఇవతల నాకు కాస్త మార్జిన్ కావాలి.

క్లినిక్‌కి వెళ్ళి అంకె చెప్పేశాను. బయటికొచ్చి మెట్లు దిగి మళ్ళీ పైకెళ్ళాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి "మార్చాలా?" అన్నారు. "లేదండీ, గొడుగు" అన్నాను.

నీ తేదీ ఎప్పుడో రాయి. నాది ఈ నెలాఖరులోనే. తీయించుకోనని మాత్రం రాయకు.

అట్ట

*

ఇంటి దగ్గర

అట్టా,

చెప్తున్నది నేను. రాస్తున్నది మీ బావ. అందుకే వరసలు తిన్నగా ఉన్నాయి, గర్వపడకు.

అయిపోయింది. నీకన్నా వారం తర్వాత. నొప్పి ఉంది గానీ అది వేరే నొప్పి. మెడ కింద వేలు తీసేశారు ఎవరో. నిన్న మధ్యాహ్నం మంచం మీద పడుకున్నాను, వెల్లకిలా, మనిషిలాగా. (నిజమే. గురక కూడా పెట్టింది. — బావ.) గురక సంగతి ఎవరు రాయమన్నారు మిమ్మల్ని? కొట్టెయ్యండి. కొట్టెయ్యడట.

చేతులు ఎత్తకూడదన్నారు. ఊళ్ళో అందరి జుట్టూ చూసేదాన్ని, నా జుట్టు చూసే దిక్కు లేదు. ఈయన దువ్వుతున్నాడు. పాపిడి ఒకరోజు అటూ ఒకరోజు ఇటూ. అమ్మాయి చూసి "ఇది కొత్త ఫ్యాషనా అక్కా?" అంది. (దువ్వడం అంత తేలిక కాదు. — బావ.) వేళ్ళలో తిమ్మిరి తగ్గుతోంది. కత్తెర ఉట్టినే చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను.

అద్దం మీద తువ్వాలు కప్పించాను. ఇవాళ పొద్దున తీసి చూశాను. చాలాసేపు చూశాను. (ఆ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అది రాయాలా వద్దా అని అడిగితే రాయమంది. — బావ.)

నువ్వెలా ఉన్నావు? నొప్పి ఉందా? బాగున్నాయా? సరిపోయాయా? నువ్వు రాసిన గుండె పాఠం సంగతి చదివాక నీ అంకె సరైనదే అనిపించింది. ఆ మాట నోటితో చెప్పను, ఉత్తరంలో ఉంది కదా, చాలు.

ఇక అసలు సంగతి. అట్ట అనే పేరు ఇప్పుడు నీకు పనికిరాదు. నాకు సరిగ్గా సరిపోతుంది. ఆ పేరు నాకిచ్చెయ్.

అక్క
(ఇది మీ అక్కే చెప్పింది. నవ్వుతూనే చెప్పింది, కానీ నా వైపు చూడకుండా. — బావ.)

*

ప్రెస్సు

అక్కకి, ఉత్తరం రాసినందుకు బావకి,

బాగున్నాను. మొదటి రోజుల్లో దగ్గితే కళ్ళు తిరిగాయి. ఇప్పుడు లేదు. అమ్మకి చెప్పాను. ముందుగా "నొప్పి ఉందా?" అంది, నీలాగే. రేపు పెద్దమ్మకి తనే చెప్తుందట. అంటే ఈపాటికి చెప్పేసే ఉంటుంది.

పనికి వచ్చాను. ఈసారి కూడా ఎవరూ చూడలేదు. ఫోర్‌మన్ "సెలవులో ఒళ్ళు చేశావమ్మా, మంచిది" అన్నాడు. ఆయన బోను ఇంకా నా కుర్చీ కిందే ఉంది. నిన్న దాంట్లో నిజంగానే ఒక ఎలక పడింది. నేను అరవలేదు. దానికి నేను క్షమాపణ చెప్పుకోవాలి.

సరిపోయాయా అని అడిగావు. నీలం చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాను. మడతల్లో గాలి లేదు. రెండొందల ఇరవై అనాల్సిందేమో అని ఒకసారి అనిపించింది. ఒకసారే అని రాసి కొట్టేశాను, చూశావా. అప్పుడప్పుడూ అనిపిస్తూనే ఉంది. అనిపించడం నా జబ్బు, రొమ్ములది కాదు. పనిలో పడితే మర్చిపోతున్నాను.

బావా, మీరు కొట్టెయ్యనివి ఇకముందు కూడా కొట్టెయ్యకండి.

అక్కా, పేరు ఇవ్వను. అన్నేళ్ళు మోశాను, అది నాది. తువ్వాలు మళ్ళీ అద్దం మీద వేసుకుంటే మాత్రం ఊరుకోను. కావాలంటే పంచుకుందాం. ఒక్క అట్టతో ఏ పుస్తకమూ నిలవదు.

నాకు నిన్నటినుంచి చేతులు ఎత్తొచ్చన్నారు. నీకు ఇంకో వారం పడుతుంది. ఆదివారం బస్సుకి వస్తున్నాను. దువ్వెన తీసి పెట్టు. పాపిడి నేను తీస్తాను.

నీ
ముందట్ట